పిట్టల తొట్టిలో ఎర్రనీళ్ళు

హుసేనప్ప పాట మానేసి ఆ బుధవారానికి అరవై దినాలు. లెక్క పెట్టింది హుసేనప్ప కాదు. అతనికి పొద్దు పొడిచిందో గుంకిందో కూడా పట్టడం లేదు. లెక్క పెట్టింది దస్తగిరి.

ఊరికి ఎగువన నల్లగుండు అనే రాతిగుట్ట మీద బాలపీరా తాత తకియా ఉంది. తకియా అంటే మేడలూ మిద్దెలూ అనుకునేరు, అదేం లేదు. ఫకీర్లు తలదాచుకునే చోటు, అంతే. నాలుగు రాతి గదులు, తకియా కట్టిన పెద్ద తాత సమాధి, ఒక్క వేపచెట్టు, చుట్టూ గడ్డి కూడా మొలవని బండ. బాలపీరా తాత ఎనభై దాటినవాడు. దస్తగిరి ఆయన శిష్యుడు, దూదేకులవాళ్ళ బిడ్డ. పన్నెండేళ్ళ కిందట గుండెక్కి తాత కాళ్ళు పట్టుకున్నాడు గానీ చేతిపని మానలేదు. ఊళ్ళోవాళ్ళు పాత పరుపులూ దిండ్లూ పంపితే, ఉండలు కట్టిన దూదినంతా ఏకి, మెత్తగా చేసి పంపేవాడు. ఉండ కట్టిన దేన్ని చూసినా దస్తగిరి చేతులు ఊరుకోవు. అదే అతని గుణం, అదే అతని తెగులు కూడా.

హుసేనప్ప అతని స్నేహితుడు. కింద ఊళ్ళో కూలిపని చేసుకునేవాడు. గొంతు మాత్రం దేవుడు తీరిగ్గా కూర్చుని చేసినట్టుండేది. అయిదేళ్ళ కిందట దస్తగిరే అతన్ని తాత దగ్గరికి తెచ్చినాడు. అప్పటినుంచి గురువారం గురువారం వేపచెట్టు కింద తంబుర పట్టుకుని తత్వం ఎత్తుకుంటే, కింద చేలల్లో కలుపు తీసే ఆడవాళ్ళు చేతులాపి వినేవాళ్ళు.

ఉగాదికి ముందు ఎక్కడో దూరాన జాతర జరిగితే హుసేనప్పను పాటకు పిలిచినారు, దస్తగిరి తోడు బయలుదేరినాడు. భార్య చాంద్‌బీకి రెండు దినాలుగా ఒంట్లో నలతగా ఉంది. "ఈసారికి వద్దులే అన్నా," అంది దస్తగిరితో. దస్తగిరి నవ్వేసినాడు. "ఏం కాదు చెల్లీ. నాలుగు దినాల్లో నీ మొగుణ్ణి నీకు అప్పజెప్తా."

నాలుగో దినం వాళ్ళు బస్సు దిగేసరికి చాంద్‌బీకి కామెర్లు ముదిరి మాట పడిపోయింది. ఇంకో మూడు దినాలకు మట్టి చేసి వచ్చినారు.

"ఏం కాదు చెల్లీ" అన్న ఆ మాట దస్తగిరి చెవిలో మోగుతూనే ఉంది. తాతతో చెప్పలేదు. ఎవరితోనూ చెప్పలేదు.

హుసేనప్ప ఊళ్ళో ఇంటికి తాళం వేసి, గుండెక్కి, పడమటి గదిలో పడుకున్నాడు. పాట లేదు, మాట లేదు. ఒంటిపూట తిండి. అంత ఎండల్లోనూ మీద ఎర్ర బొంత. చాంద్‌బీ తన పెళ్ళిచీర పైన వేసి, పాత చీరలు కింద వేసి, నడుమ దూది కూరి కుట్టిన బొంత అది. దాన్ని తల మీదికి లాక్కుని గోడకు తిరిగితే లోపల మనిషి ఉన్నాడో లేడో తెలియదు. దస్తగిరి దినానికి పదిసార్లు గుమ్మం దాకా పోయి, బొంత కదులుతోందో లేదో చూసి, కదిలితే ఊపిరి పీల్చుకుని వెనక్కి వచ్చేవాడు.

ఇంక పదకొండు దినాల్లో పెద్ద తాత ఉరుసు పండగ. ఏటా తొలిపాట హుసేనప్పదే. ఈ ఉరుసుకు పాడకపోతే వాడింక ఎప్పటికీ పాడడు, పాడకపోతే దక్కడు అని దస్తగిరికి గట్టి భయం పట్టుకుంది. వాడికేమన్నా అయితే మొగుడూ పెళ్ళాం ఇద్దరి పాపమూ తనదే. ఆ ఆలోచన వస్తే చాలు, తింటున్న కంచం పక్కకు నెట్టి లేచిపోయేవాడు.

ఆ బుధవారం పొద్దున ఇంక తాళలేక తాత దగ్గరికి పోయినాడు. తాత వేపచెట్టు కింద కూర్చుని తాడు పేనుతున్నాడు.

"తాతా, హుసేనప్ప లోపల్లోపల చచ్చిపోతాండాడు. మీరు చూస్తా ఊరకుండారు."

"ఊరకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అన్నారు పెద్దలు," అని తాత తన నున్నటి తల నిమురుకున్నాడు. "నాకు రెండూ ఉండాయి."

దస్తగిరికి నవ్వు రాలేదు. "నన్నేం చేయమంటారో చెప్పండి తాతా. మీకు దండం పెడతా."

తాత తాడు పక్కన పెట్టి అతని మొహం వైపు చూసినాడు. కళ్ళ కింద నలుపు, ఎండిన పెదాలు, ఒకచోట నిలవని చేతులు.

"పిట్టల తొట్టిలో నీళ్ళు ఎట్లుండాయో చూసి రా పో."

బండ అంచున రాతి తొట్టి ఒకటుంది. పెద్ద తాత కాలంలో పిట్టల కోసం తొలిచింది. మూరెడు వెడల్పు, జానెడు లోతు కూడా ఉండదు. దానికొక కట్టుబాటుంది. దినమూ నీళ్ళు పోయవచ్చు గానీ తొలివాన పడేదాకా తొట్టిని కడగకూడదు. ఎందుకని అడిగితే చెప్పేవాళ్ళు లేరు. దస్తగిరి దినమూ చెంబెడు నీళ్ళు పోస్తూనే ఉన్నాడు గానీ, మనసు పడమటి గదిలో పెట్టి పోసేవాడికి తొట్టిలో ఏముందో ఏం కనపడుతుంది?

ఆవేళ వంగి చూసి రెండడుగులు వెనక్కి వేసినాడు. తొట్టిలో నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. మేకను కోసిన చోట నీళ్ళు పోసి కడిగితే ఎట్లుంటాయో అట్లా. అంచుల్లో నీళ్ళు ఎండినచోట పక్కు కట్టి ఉంది.

పరుగెత్తుకుని వచ్చినాడు. "తాతా, నెత్తురు మాదిరి ఉండాయి!"

"శివరాత్రికి ఎట్లుండె?"

"పచ్చగా ఉండె. పాచి పట్టి."

"ఊ," అని తాత మళ్ళీ తాడు అందుకున్నాడు.

అంతే. ఇంకో మాట లేదు. దస్తగిరి వెనక్కి తిరిగినాడు. తాత తల ఎత్తలేదు. తన గదికి నడుస్తుంటే సగం దారిలో అతనికి చటుక్కున తెలిసిపోయింది. తెలిసిపోయిందని అతను అనుకున్నాడు పాపం. తాత ఎంత చక్కగా చెప్పినాడు! పచ్చటి నీళ్ళు ఎందుకు కుళ్ళినాయి? ఎవరూ ముట్టుకోకుండా ఊరక వదిలేసినందుకు. హుసేనప్పా అంతే. కట్టుబాటనీ, దుఃఖమనీ చూస్తా కూర్చుంటే మనిషి కుళ్ళిపోడా?

గంపెడు బూడిద, కొబ్బరిపీచు తీసుకుని తొట్టి దగ్గరికి పోయినాడు. చెమటలు కారేలా తోమినాడు. ఎర్రనీళ్ళు బండ మీద పారి, పారినచోటే ఇగిరిపోయినాయి. ఒక మూల రాయి లోపలికి మడత పడి ఉంటే అక్కడికి మాత్రం చెయ్యి పోలేదు. పోనీలే అని వదిలేసి, తొట్టి నిండా కొత్తనీళ్ళు పోసినాడు. అడుగు తళతళా కనపడింది. నెలల తర్వాత అతనికి కాస్త హాయిగా అనిపించింది.

అదే ఊపున పడమటి గదికి పోయినాడు. హుసేనప్ప బయటికి పోయి ఉన్నాడు. బొంత చాప మీద పడి ఉంది. దస్తగిరి చేత్తో అదిమి చూసినాడు. దూదంతా ఉండలు ఉండలు. చెమటా కన్నీళ్ళూ పీల్చి అట్టకట్టింది. ఈ ముద్దను మీదేసుకుంటే ఏ మనిషి లేచి కూర్చుంటాడు? దీన్ని విప్పి, దూది ఎండలో ఆరబెట్టి, ఏకి, కొత్త గుడ్డలో కుట్టిస్తే తేలిగ్గా ఉంటుంది. మనసూ తేలికపడుతుంది. ఇంత లోకంలో ఒక దూదేకులవాడికి తప్ప ఇంకెవరికీ ఈ ఆలోచన రాదు.

బొంత చంకన పెట్టుకుని తన గదికి తెచ్చి, కుట్లు తెంపి, దూదంతా ఎండలో పరిచినాడు. చీరలు మడిచి మూల పెట్టినాడు.

హుసేనప్ప తిరిగి వచ్చి చాప చూసుకున్నాడు. గది నాలుగు మూలలూ చూసినాడు. గుమ్మంలో నిలబడ్డ దస్తగిరిని చూసినాడు. ఏమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. చాప మీద ముడుచుకుని గోడకు తిరిగినాడు.

మరునాడు గురువారం. దస్తగిరి అతన్ని లేపి, మొహం కడిగి, తెల్లచొక్కా తొడిగి, చెయ్యి పట్టుకుని తెచ్చి అందరి నడుమ కూర్చోబెట్టినాడు. ఇరవైమంది దాకా వచ్చినారు. పడమటి ఎండ నేరుగా హుసేనప్ప మొహం మీద పడుతోంది. తంబుర ఒళ్ళో పెట్టి దస్తగిరి మెల్లగా అన్నాడు, "ఒక్క చరణం రా. ఒక్కటంటే ఒక్కటి. మిగతాది అదే వస్తాది."

హుసేనప్ప తీగ మీద వేలు వేసినాడు. నోరు తెరిచినాడు. గొంతులోంచి వచ్చింది పాట కాదు. ఎండిన బావిలో చేదను ఈడ్చినట్టు ఒక చప్పుడు. ఇంకోసారి ప్రయత్నం చేసినాడు. తంబుర ఒళ్ళోంచి జారి బండ మీద పడింది. వచ్చినవాళ్ళు తలలు దించుకున్నారు. ఒక ముసలమ్మ మాత్రం, "ఎవురు నాయనా ఆ బిడ్డను ఇట్ల బయటికి ఈడ్చుకొచ్చింది?" అని గట్టిగానే అంది.

శుక్రవారం పొద్దుటికి హుసేనప్ప ఒళ్ళు కాలిపోతోంది. ఉన్న ఒంటిపూట తిండీ పోయింది. జ్వరంలో చెయ్యి పక్కన తడుముకుంటూనే ఉంది, బొంత అంచు కోసం. ఆ చెయ్యి చూడలేక దస్తగిరి మొహం పక్కకు తిప్పుకున్నాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఊళ్ళోంచి డాక్టరును పిలుచుకొస్తే ఆయన సూదిమందు వేసి, "జరం దిగుతాదిలే. మనిషిని మాత్రం మీరే చూసుకోవల్ల," అని పోయినాడు.

దస్తగిరి తాత ముందు కూలబడినాడు. తొట్టి తోమింది, బొంత విప్పింది, పాటకు కూర్చోబెట్టింది, అన్నీ చెప్పినాడు. జాతర సంగతి మాత్రం అప్పుడూ చెప్పలేదు.

"మీరు చెప్పినట్టే చేసినా తాతా. యాడ తప్పింది?"

"నేనేం చెప్తిని?"

నిజమే, తాత ఏం చెప్పినాడు?

తాత లేచి పడమటి గదికి పోయినాడు. కిటికీకీ గుమ్మానికీ గోనెపట్టాలు కట్టించి చీకటి చేయించినాడు. హుసేనప్ప నుదుటి మీద తడిగుడ్డ తన చేత్తో వేసినాడు. తర్వాత దస్తగిరి భుజం పట్టుకుని, మెల్లగా బండ మీద నడిచి, తొట్టి దగ్గరికి పోయినాడు. తొట్టి తళతళా మెరుస్తోంది. ఒక్క పిట్టా లేదు.

"బాగా తోమినావు," అన్నాడు తాత. అందులో కోపం లేదు. అందుకే దస్తగిరికి ఇంకా భయమేసింది.

తాత వంగి, రాయి మడతపడ్డ ఆ మూలలోకి వేలు పోనిచ్చి గీరినాడు. అక్కడ మిగిలిన ఎర్రపక్కు గోటికి వచ్చింది. నీళ్ళు తగలనిచోట ఎండి, ఇటుకపొడి మాదిరిగా ఉంది. దాన్ని రెండు మట్టిమూకుళ్ళలో చెరి చిటికెడు వేసినాడు.

"కుండనీళ్ళు పొయ్యి రెండింట్లో. ఒకటి నీది, ఒకటి నాది. నాదాని జోలికి రావద్దు. నీదాన్ని నీ ఇష్టమొచ్చినట్టు చూసుకో."

"ఇదేంది తాతా?"

"పాచి."

"పాచి పచ్చగా గదా ఉండేది?"

"ఉండేది," అన్నాడు తాత.

"అది కాదు తాతా, ఆ బొంత... దూది ఏకి, టౌనులో కొత్తగుడ్డతో కుట్టించుకొస్తా. రెండు దినాల పని."

"నీకు కుట్టను వచ్చునా?"

"రాదు. ఏకేదే వచ్చు."

"అయితే తొందరేముంది? ముందు మూకుడు చూసుకో."

తాత తన మూకుణ్ణి గదిలో మంచం కింద పెట్టినాడు. కిటికీ వెలుతురు నేల మీద పడి, మంచం కిందికి ఏదో కాస్త పాకే చోటు. దస్తగిరి తన మూకుణ్ణి ఎక్కడ పెట్టాలా అని తకియా అంతా కాలుకాలిన పిల్లిలా తిరిగినాడు. పాచి అంటే పచ్చటి ప్రాణం. పచ్చటి ప్రాణానికి కావలసింది ఎండ. చేలో పైరుకైనా అంతే గదా! తీసుకుపోయి బండ నడుమ, నీడ జాడ లేనిచోట పెట్టినాడు. నీళ్ళు ఇగిరినప్పుడల్లా పోసినాడు. గంటకోసారి పోయి చూసినాడు. నడుమ నడుమ హుసేనప్ప గదిలోకి పోయి గంజి తాగించబోయేవాడు. రెండు గుక్కలు లోపలికి పోతే మూడోది చెంప మీద కారేది.

శనివారానికి జ్వరం దిగింది. ఆదివారానికి హుసేనప్ప కళ్ళు తెరిచి కప్పు వైపు చూస్తున్నాడు. తిండి లేదు. ఎముకలు తేలినాయి. దస్తగిరి మూకుడు ఎర్రగానే ఉంది. ఎట్లయిందో ఏమో, ఆ మూకుట్లో పచ్చ తిరిగితే హుసేనప్ప బతుకుతాడు, తిరగకపోతే లేదు అన్నంత దాకా పోయింది అతని మనసు. సోమవారం పగలు బండ మీద కాళ్ళు కాలుతుంటే దాని పక్కనే కూర్చున్నాడు. "తిరుగు తల్లీ, పచ్చగా తిరుగు," అని మూకుడుకి దండం పెట్టినాడు. చూసినవాళ్ళుంటే పిచ్చి పట్టిందనుకునేవాళ్ళు.

మంగళవారం పొద్దున తాత పిలిచినాడు. "నీ మూకుడు తేపో."

దస్తగిరి తెచ్చినాడు. ఎర్రగా, ఇంకా చిక్కగా, అడుగంటి ఉంది. తాత మంచం కిందికి వంగి తన మూకుణ్ణి బయటికి లాగినాడు.

అందులో నీళ్ళు లేతపచ్చగా ఉన్నాయి.

దస్తగిరి కళ్ళు నులుముకుని చూసినాడు. మూకుణ్ణి చేతిలోకి తీసుకుని, వెలుతురుకు తిప్పి చూసినాడు. అంచుల్లో ఇంకా ఎరుపు జాడ ఉంది. నడుమ మాత్రం అప్పుడే ఊడ్చిన నారుమడి రంగు.

"చచ్చిపోయిందనుకుంటి తాతా. కుళ్ళిందనుకుంటి."

"కాలేజీలో సైన్సు చెప్పే టీచరమ్మ ఒకామె ముందొకసారి ఉరుసుకు వచ్చింది," అన్నాడు తాత. "తొట్టి చూసి ఎగిరి గంతేసింది. ఇంగ్లీషు పేరేందో చెప్పింది గానీ నా నోటికి తిరగలేదు. కంటికి ఆనని పాచంట ఇది. ఎండే దాని అన్నమంట. ఎండను తినే బతుకుతాదంట. ఎండ మరీ పైనపడి, నీళ్ళలో సత్తువ లేకపోతే, తినేది తగ్గించేసి, కదలకుండా కూర్చుని, తన ఒంట్లోనే ఎర్రరంగు పుట్టించుకుని లోపలి పచ్చను దాని చాటున దాచుకుంటాదంట. పైతోలు మందం చేసుకుంటాదంట. చూసేవాళ్ళకు చచ్చినట్టే ఉంటాది. ఏండ్లయినా అట్లనే ఉంటాది."

"మరి నేనూ అన్నమే గదా పెడితిని! దినమంతా ఎండలో పెడితిని."

"పెడితివి. జరంతో పడుండేవాని నోట్లో సంగటి కుక్కితే ఏమైతాది?"

దస్తగిరి తల తిప్పి చూసినాడు. ఎదురుగా పడమటి గది గుమ్మం, గోనెపట్టా కనపడుతున్నాయి.

తాత గొంతు తగ్గించినాడు. "ఒక మాట అడుగుతా, చెప్పు. హుసేనప్ప పాడల్లనే ఆకలి ఎవరికి? వానికా, నీకా?"

అరవై ఆరు దినాలు బిగబట్టుకున్నది అప్పుడు తెగింది. దస్తగిరి మూకుడు పక్కన పెట్టి, చేతుల్లో మొహం పెట్టుకుని, చిన్నపిల్లోడి మాదిరి ఏడ్చినాడు. జాతర సంగతి చెప్పినాడు. చాంద్‌బీ వద్దన్న సంగతి చెప్పినాడు. తను నవ్విన నవ్వు, అన్న మాట, అన్నీ చెప్పినాడు. "వాడొక్కసారి పాడితే నన్ను మన్నించినట్టే తాతా. ఆ ఒక్కటి చాలు. అందుకే లాగినా వాణ్ణి. నా కోసమే లాగినా."

తాత నీ తప్పు లేదనలేదు, ఉందీ అనలేదు. దిండు కింద చెయ్యి పెట్టి ఒక గుడ్డమూట తీసి, విప్పి, అందులోంచి సూది, దారం బంతి తీసినాడు. ముసలి కళ్ళు చిన్నవి చేసుకుని దారం ఎక్కించబోయినాడు. మూడుసార్లు తప్పింది. నాలుగోసారి ఎక్కింది. దారం ఎక్కిన సూదిని దస్తగిరి అంగీకి గుచ్చి, "పో," అన్నాడు.

దస్తగిరి తన గదిలో కూర్చున్నాడు. చీరలు పరిచినాడు. ఆరబెట్టిన దూది తెచ్చి ముందు పెట్టుకున్నాడు. పక్కనే గోడకు దూది ఏకే విల్లు ఉంది. చెయ్యి దానివైపు పోయింది. అలవాటుపడ్డ చెయ్యి, ఏం చేస్తుంది? తీగ మీద వేలు తగిలి 'టంగు'మంది. వెంటనే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

దూది ఏకలేదు. ఉండలు ఉండలుగానే, ఎట్లున్న దూదిని అట్లనే చీరల నడుమ సర్దినాడు. తర్వాత కుట్టడం మొదలుపెట్టినాడు. పన్నెండేళ్ళు ఫకీరుగా ఉండి, అంతకుముందు ఇరవయ్యేళ్ళు దూది ఏకి, ఏనాడూ సూది పట్టని మనిషి. ఒక కుట్టు జానెడుంటే ఒక కుట్టు గోరంత. గీత తిన్నగా పోదామనుకుంటే పాము మాదిరి పోయింది. వేళ్ళు గుచ్చుకుని రెండుచోట్ల నెత్తురు అంటింది. ఎర్రచీర గనక తెలియలేదు. మంగళవారం సగం, బుధవారం సగం పట్టింది.

బుధవారం మధ్యాహ్నం ఉరుసుకు మైకుసెట్టు పెట్టేవాళ్ళు వచ్చినారు. "హుసేనప్ప పాట ఎన్ని గంటలకు పెట్టుకుందాం దస్తగిరీ?" అని అడిగినారు.

"ఈ ఏడు లేదు," అన్నాడు దస్తగిరి. సూది మీదినుంచి తల ఎత్తలేదు. "ఉరుసు ఏటేటా వస్తాది."

ఎండ పడమటికి వాలే వేళకు బొంత చంకన పెట్టుకుని గదికి పోయినాడు. గోనెపట్టా పక్కకు జారిపోయి, గుమ్మంలోంచి ఎండ ఏటవాలుగా హుసేనప్ప మొహం మీద పడుతోంది. అతను కళ్ళు మూసుకుని, మొహం మీద చెయ్యి అడ్డం పెట్టుకుని ఉన్నాడు.

దస్తగిరి బొంత తెరిచి కాళ్ళ దగ్గరినుంచి గొంతు దాకా కప్పినాడు. అంచు తెచ్చి అతని చేతి కింద పెట్టినాడు. దారి పొడుగునా మనసులో ఒకటే మాట అనుకుంటూ వచ్చినాడు, మన్నించమని అడగాలని. అడగలేదు. గుమ్మం దగ్గరికి పోయి, ఎండ వచ్చే వైపు వీపు పెట్టి, గడప మీద కూర్చున్నాడు. అతని నీడ లోపలికి పోయి హుసేనప్ప మొహం మీద పడింది.

బయట మైకుసెట్టువాళ్ళు గుంజలు పాతుతున్నారు. దస్తగిరి వీపు కాలుతోంది.

లోపల బొంత కదిలింది. హుసేనప్ప వేళ్ళు అంచు వెంబడి పోతున్నాయి. ఒక కుట్టు మీద ఆగి, ముందుకు పోయి, ఇంకో కుట్టు మీద ఆగినాయి. అటు గోరంత, ఇటు జానెడు.

"ఎవరు కుట్టింది ఇది?"

అరవై ఏడు దినాల తర్వాత వచ్చిన గొంతు. పాడుతున్న గొంతు కాదు. గరగరలాడే మామూలు గొంతు. దస్తగిరి తల మాత్రం తిప్పినాడు.

"నేనే."

వేళ్ళు ఇంకో మూరెడు దూరం పోయినాయి.

"చాంద్‌బీ చూసుంటే పడీపడీ నవ్వేది," అన్నాడు హుసేనప్ప. తర్వాత బొంత తల మీదికి లాక్కుని గోడవైపు తిరిగినాడు.

దస్తగిరి కళ్ళు తుడుచుకున్నాడు. గుమ్మంలో ఇంకో పక్కనుంచి కాస్త ఎండ లోపలికి పోతుంటే, దానికి అడ్డంగా జరిగి కూర్చున్నాడు.